అద్దాల అంగడి

సాయంకాలము దీపములు వెలిగిన వేళ విజయవాడ బీసెంటు రోడ్డున గాని, హైదరాబాదు ఆబిడ్సులో గాని నడచిపోవునపుడు, కొనదలచిన వస్తువేదియు లేకున్నను ఒకచోట మన కాళ్లు తమంత తామే ఆగును. అది జోళ్ల దుకాణము. నిలువెత్తు అద్దము వెనుక మెట్లు మెట్లుగా అమర్చిన పలకల మీద బూట్లు, చెప్పులు, పిల్లల జోళ్లు కొలువుదీరి యుండును. శ్రద్ధగా చూచినచో ఒక వింత తెలియును. అక్కడ జత యనునది లేదు. ప్రతి పలక మీదను ఒంటి జోడే. దాని తోడుది లోపల అట్టపెట్టెలో, చీకటిలో పండుకొని యుండును. బయటి జోడు చేయవలసిన పని యొక్కటే: మనలను లోనికి పిలిచి, "రెండవది ఏదీ?" అని అడిగించుట.

దీనికి వర్తకులు చెప్పు కారణములు సాదావి. స్థలము కలిసివచ్చును, దొంగ ఒంటి జోడు నెత్తుకొనిపోయి ఏమి చేసికొనును? కాని ఇందులో ఒక చిక్కును కలదు. నెలల తరబడి దీపముల క్రింద, ఎండపొడలో నిలిచిన జోడు కొంత వెలిసిపోవును. చివరి జత కొన్నవాడు ఇంటికి పోయి పెట్టె తెరచినచో ఒకటి నలుపు, ఒకటి బూడిద కలిసిన నలుపు. మేమును ఒకప్పుడు అట్టి జతను తొడిగికొని తిరిగినవారమే. ఎవరును గమనింపలేదు, గమనించినవారు మర్యాదకు చెప్పలేదు.

ఈ పూట మేము ముచ్చటింపదలచినది ఇట్టి దుకాణముల కూర్పును గూర్చియే. బట్టల కంపెనీలు, పాదరక్షల కంపెనీలు తమ పేరు గల అంగళ్లను ఎట్లు కట్టించుచున్నవి, సరకును ఎట్లు నిలుపుచున్నవి యనునది విషయము. పైకి ఇది షోకుల వ్యవహారము వలె తోచును. కాని ఎవరు లోనికి రావచ్చును, ఎవరు కూర్చుండవచ్చును, ఎవరు నిలుచుండవలెను అను సంగతులు ఈ గోడలలోను ఈ బల్లలలోనే తేలుచున్నవి.

మన ప్రాంతపు పాత బట్టలకొట్టు ఎట్లుండెడిదో పెద్దలకు జ్ఞాపకముండును. చిన్న పట్టణములలో నేటికిని అట్టివి కలవు. గుమ్మము కడ చెప్పులు విడువవలెను. లోపల నేలపై పరుపులు, పరుపులపై తెల్లని దుప్పటి, షావుకారు వెనుక ఒక బాలీసు, ప్రక్కన గల్లాపెట్టె. సరకంతయు గోడ బీరువాలలో మడతలుగా ఉండును. వీథిలో పోవువానికి కనబడునది దాదాపు ఏమియు లేదు. కొనువారు వచ్చి కూర్చుండిన పిమ్మట, మంచినీళ్లు త్రాగిన పిమ్మట, ఏ శుభకార్యమో, ఎందరికి బట్టలు పెట్టవలెనో విచారించిన పిమ్మట, అప్పుడు చీర వచ్చును. గుమాస్తా మడతను చేతబట్టి ఒక్క విసురు విసరగా చీర గాలిలో తెరవలె లేచి, కొంగు సరిగా మన మోకాళ్ల ముందర పడును. ఆ విసురే ప్రదర్శనము. ఆ కొట్టునకు అద్దపు కిటికీ లేదు. గుమాస్తా చేయియే కిటికీ. పది చీరలు విప్పించి ఒక్కటి కొన్నను అతడు విసుగుకొనడు. విప్పిన చీరల గుట్టను చూచి మనకే మొగమాటము పుట్టి రెండవది కొందుము. ఈ ఉపాయము ఏ పాఠశాలలోను నేర్పినది కాదు.

ఇందు మర్యాద కలదు. కాని ఆ మర్యాద అందరకును సమానము కాదు. ధర సరకుపై వ్రాసి యుండదు. మనిషిని చూచి పలుకబడును. కారు దిగినవారికి ఒక ధర, ఎడ్లబండి దిగినవారికి ఒక ధర, బేరమాడ నేర్చిన ఇల్లాలికి ఒక ధర. పరుపు మీదికి రమ్మను పిలుపు కొందరికి రానే రాదు. వారు గుమ్మము కడ నిలిచియే పంచెల చాపు కొనిపోవలసి వచ్చెడిది.

కావున నూతన దుకాణపు అలంకరణలో మొదటి వస్తువు దీపము గాదు, అద్దము గాదు, ధరచీటి యని మేము చెప్పుదుము. పారిసు నగరమున బాన్ మార్షే అను అంగడిలో 1852లో భాగస్వామిగా చేరిన ఆరిస్టీడ్ బూసికో అనునతడు దీనికి ప్రసిద్ధుడు. వస్తువుపై ధర వ్రాసి పెట్టుట, ఎవరికైనను అదే ధర యనుట, కొనకున్నను లోనికి వచ్చి చూచిపొమ్మనుట, నచ్చకున్న తిరిగి తెమ్మనుట ఆతని పద్ధతులు. ఇవి యన్నియు అతడే కనిపెట్టెనని చెప్పలేము. ఒక్కచోట చేర్చి పెద్దయెత్తున నడపిన ఘనత మాత్రము అతనిది. 1883లో వెలువడిన ఎమిల్ జోలా నవల యొకటి ఈ అంగడిని ఆధారముగా గొని వ్రాయబడినది.

బేరము పోయినచోట మాట పోయినది. మాట పోయినచోట వస్తువే మాటాడవలసి వచ్చెను. అక్కడినుండియే కిటికీకి ఇంత ప్రాముఖ్యము కలిగినది. లండను ఆక్స్‌ఫర్డు వీథిలో 1909లో తన పేర అంగడి తెరచిన గార్డన్ సెల్ఫ్రిడ్జి అమెరికావాడు. షికాగోలో మార్షల్ ఫీల్డు దుకాణమున పని నేర్చినవాడు. అతడు దుకాణము మూసిన తరువాత కూడ రాత్రివేళ కిటికీలలో దీపములు వెలుగనిచ్చెను. తలుపు మూసిన అంగడియు సరకు చూపుట మానలేదన్నమాట. అదే షికాగోలో 1897లో కిటికీల అలంకరణ కొరకే ఒక మాసపత్రిక వెలువడెను. దానిని నడపినవాడు ఎల్. ఫ్రాంక్ బామ్. మూడేండ్ల తరువాత, 1900లో, ఆయనయే ఓజ్ దేశపు మాంత్రికుని కథ వ్రాసి పిల్లలలో పేరుపొందెను. ఆ కథలో పచ్చల పట్టణము అంత పచ్చగా కనబడుటకు కారణము, అచ్చటివారందరి కన్నులకు తగిలించిన పచ్చని కళ్లద్దములు. దుకాణపు కిటికీల మర్మము తెలిసినవానికి గాని ఇట్టి యూహ రాదని మాకు తోచును.

ఇక జోళ్ల సంగతికి వచ్చెదము. మన దేశమున బాటా అను పేరు వినని యిల్లు అరుదు. అది మన దేశపు పేరే యని నమ్మువారును పెక్కురు. నిజమునకు అది ఒక ఇంటి పేరు. ఇప్పుడు చెక్ దేశములో నున్న జ్లీన్ అను చిన్న పట్టణమున టోమాష్ బాటా, ఆతని అన్న ఆంటోనిన్, అక్క అన్నా కలిసి 1894లో జోళ్లు కుట్టు వ్యాపారము ప్రారంభించిరి. 1922లో ఆ దేశమున నాణెపు విలువ పెరిగి, సరకు అమ్ముడుపోక, కర్మాగారములు మూతబడుచుండగా బాటా తన జోళ్ల వెలలను ఒక్కసారిగా సగమునకు దింపెను. ఒక పెద్ద పిడికిలి 'అధికధర' అను మాటను పిండి చేయుచున్నట్లు గోడపత్రికలు వేయించెను. జనము దుకాణములకు విరుచుకొని పడిరి. అయితే ఆ పిడికిలి క్రింద నలిగినది ధర మాత్రమే గాదు. కార్మికుల కూలియు నూటికి 40 వంతున తగ్గినది. బదులుగా వారికి తిండి, బట్ట మొదలగునవి సగము వెలకు ఇప్పించెను. అద్దములోని చవుకధర వెనుక ఎవరో ఒకరు ఉందురను సంగతి అప్పటినుండియు ఉన్నదే.

తొమ్మిదితో ముగియు వెలలను చెక్ ప్రజలు 'బాటా ధర' అందురు. మన దేశపు దుకాణములలో ఆ వెల చివర తొంబదియైదు పైసలై నిలిచినది. మిగిలిన అయిదు పైసలు తిరిగి పుచ్చుకొనుటకు నిలుచుండవలెనో, వదలి పోవలెనో తెలియక గల్లాపెట్టె కడ తటపటాయించిన తరములు మనవి.

ప్రాహా నగరమున వెన్సెస్లాసు చౌకులో ఈ కంపెనీ కట్టించిన దుకాణము 1929లో పూర్తియైనది. లుడ్విక్ కిసెలా దాని శిల్పి. ఇరుప్రక్కల రాతి చెక్కడములతో, బొమ్మలతో నిండిన పాత మేడలు. నడుమ ఈ కట్టడము మాత్రము నేల నుండి పైవరకు అద్దమే. కాంక్రీటు స్తంభములు లోపలికి జరుపబడుటచే గోడ బరువు మోయవలసిన పని లేదు. కావుననే గోడ అంతయు కిటికీ కాగలిగినది. పగలు చూచువారికి లోపలి అంతస్తులు, జనము, జోళ్లు కనబడును. రాత్రి దీపములు వెలిగిన తరువాత ఆ మేడ సంతలో వ్రేలాడదీసిన లాంతరు వలె వెలుగును. ఒక కిటికీలో సరకు పెట్టుటకు మారుగా దుకాణమునే కిటికీగా చేసిరి. అచ్చట జోళ్లు అమ్ముటయే గాక, పాత జోళ్లు బాగుచేయుట, పాదములకు శుశ్రూష చేయుట కూడ కలదు. 'మా ఖాతాదారుడే మా ప్రభువు' అనునది ఆ కంపెనీ నినాదము.

ప్రభువు ఖాతాదారుడైనను, కన్ను యజమానిదే. జ్లీన్‌లో 1938లో కట్టిన వారి 16 అంతస్తుల కార్యాలయమున యజమాని గది లిఫ్టులోనే అమర్చబడినది; బల్ల, కుర్చీ, చేతులు కడుగుకొను కుళాయి సహితముగా. ఏ అంతస్తునకు పోవలసినను గదియే పోవును. దీనిని చూచి మెచ్చుకొనవలెనో, ఆ అంతస్తులలో పనిచేయువారిని తలచి జాలిపడవలెనో మాకు నేటికిని తేలలేదు. లె కార్బూజియే వంటి మహాశిల్పి కూడ ఆ రోజులలో ఈ కంపెనీ దుకాణములకు నమూనాలు గీసినాడు. అవి కాగితముల మీదనే నిలిచిపోయినవి.

1931లో ఈ కంపెనీ మన దేశమున అడుగిడెను. పిమ్మట కలకత్తా చెంత హుగ్లీ యొడ్డున బాటానగరము వెలసెను. ఇచ్చట వారికి ఎదురైన సమస్య వేరు. అచ్చట ప్రజలు జోళ్లు తొడుగుదురు. వారికి చవుకగా అమ్మిన చాలును. ఇచ్చట కోట్ల మంది వట్టి కాళ్లతో నడచువారు. చిన్న దెబ్బయైనను ధనుర్వాతము తేగలదు, కావున జోళ్లు తొడుగుడని వారు ప్రకటనలు వేసిరి. అందము చూపి అమ్ము వర్తకుడు భయము చూపి అమ్మిన సందర్భమిది; ఆ భయము మాత్రము అబద్ధము కాదు.

మన పట్టణములలో ఆ దుకాణముల లోపలి రూపు దాదాపు ఒక్కటే. రెండు గోడల పొడవున పైకప్పు వరకు అట్టపెట్టెలు. వాటి నంటియున్న నిచ్చెన. నడుమ పొడవైన బెంచీ. పైకప్పులో ఒక చదరపు రంధ్రము. క్రింద నుండి గుమాస్తా నంబరు కేక వేయగా పైనుండి పెట్టె జారి ఆతని చేతులలో పడును. నేల మీద వాలుగా నిలిపిన చిన్న అద్దము. అందులో మన పాదములు మాత్రమే కనబడును, ముఖము కనబడదు. బెంచీ యెదుట ఒక వాలు పీట. ఒక కొసన కొనువాని పాదము, మరియొక కొసన గుమాస్తా. అతడు మన మడమ పట్టుకొని, లోహపు రేకుతో జోడు నెక్కించి, బొటనవ్రేలి కొనను నొక్కి చూచును.

మన దేశమున పాదము సామాన్యమైన అవయవము కాదు. పెద్దల పాదములకు మ్రొక్కుదుము. పొరబాటున ఎవరికైనను కాలు తగిలినచో వేళ్లు కన్నుల కద్దుకొందుము. తోలు ముట్టిన చేతిని ముట్టరాదనిన సమాజము మనది. ఊరందరికిని చెప్పులు కుట్టిన మాదిగలు ఊరి వెలుపల నుండిరి. తాము కుట్టిన చెప్పులనే తొడిగికొని పెద్దల వీథులలో నడచుటకు అనేక గ్రామములలో వారికి వీలులేకుండెను. చెప్పులు చేతబట్టుకొని నడువవలెను. అట్టి దేశమునకు ఈ బెంచీయు ఈ వాలు పీటయు వచ్చినవి. బెంచీపై కూర్చుండినవాని కులమేమో వాలు పీటపై కూర్చున్నవాడు అడుగలేదు; వెల పెట్టెపై వ్రాసియే యున్నది. అంతమాత్రమున అంటు పోయినదని మేము చెప్పుటలేదు. వెల పెట్టలేనివాడు అద్దము బయటనే మిగిలెను. చేతితో కుట్టువాని బ్రతుకును దెబ్బతీసినవియు ఈ యంత్రపు జోళ్లే. అయినను ఆ బెంచీ చిన్న విషయము కాదు.

ఒకనాడు మేము చూచిన దృశ్యము. ఒక ముసలి రైతు, చదువుకొను మనుమడు, జోళ్ల దుకాణమునకు వచ్చిరి. అద్దపు తలుపు, లోపల చల్లని గాలి, మెరయు నేల. తాత ఒక్క క్షణము నిలిచి, తన చెప్పులను గుమ్మము బయట విడిచి, ప్రక్కకు సర్ది, లోనికి వచ్చెను. మనుమని ముఖము ఎఱ్ఱబారెను. "తాతా, ఇది చెప్పుల కొట్టే, ఏసుకునే రావచ్చు," అని గొణిగెను. తాత వెనుదిరుగలేదు. "కొట్టు ఏదైతే ఏం రా, గుమ్మం గుమ్మమే గదా," అనెను. నిలుచున్న గుమాస్తా నవ్వలేదు. అదియే ఆనాడు ఆ దుకాణమున మేము చూచిన మంచి అలంకరణము.

జోళ్ల దుకాణముల ఆకర్షణలలో ఒకటి కొంతకాలము ప్రమాదకరముగా పరిణమించిన కథయు కలదు. 1920ల నుండి 1950ల వరకు అమెరికా, ఐరోపా దేశముల దుకాణములలో ఒక కొయ్యపెట్టె యుండెడిది. జోళ్లతో సహా పాదములను దాని అడుగు కంతలో పెట్టిన, ఎక్స్ కిరణముల వలన లోపలి యెముకలు పచ్చని తెరపై కనబడును. చూచుటకు పైన మూడు గవాక్షములు: ఒకటి బిడ్డకు, ఒకటి తల్లికి, ఒకటి గుమాస్తాకు. జోడు సరిపోయినదో లేదో విజ్ఞానశాస్త్రమే చెప్పుచున్నదని తల్లులు సంతోషించిరి. పిల్లలు తమ వ్రేళ్ల యెముకలు కదలుట చూచి వేడుకపడి మరల మరల ఎక్కిరి. దినమంతయు దాని ప్రక్క నిలుచున్న గుమాస్తా మాట ఎవరును తలపలేదు. అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రము 1957లో దీనిని నిషేధించెను. క్రమముగా అన్నిచోట్లను మాయమైనది. పాదమును కొలుచుటకు ఆ పెట్టె అవసరమే లేదు. జారు కడ్డీలు గల ఒక లోహపు పలక చాలును. సిరాక్యూస్ పట్టణపు చార్లెస్ బ్రానక్ 1920లలో చేసిన ఆ పలక నేటికిని వాడుకలో నున్నది.

బట్టల దుకాణమునకు దీపమే ప్రాణము. కొన్నిచోట్ల దీపమే మోసము. మా చెల్లెలి పెండ్లికి ఒక పట్టణమున పెద్ద దుకాణములో రాత్రి యెనిమిది గంటలకు పట్టుచీర కొంటిమి. అచ్చట అది చక్కని నెమలికంఠపు రంగు. ఉదయమున ఇంటి వసారాలో విప్పగా నీలము ఎక్కడికో పోయి, పాచిపట్టిన ఆకుపచ్చ మిగిలెను. చెల్లెలు ఏమియు ననలేదు. మా అమ్మ మాత్రము, "దీపం కింద కొన్నది దీపం కిందే కట్టాలి," అనెను.

ఇందు దుకాణదారుని దోషము కొంత, వెలుగు స్వభావము కొంత. వస్తువు రంగనగా అది మరల పంపు వెలుగే. పగటి వెలుగున అన్ని వన్నెలును కలసియుండును. విద్యుద్దీపములలో కొన్నిటికి ఎఱుపు తక్కువ, కొన్నిటికి నీలము తక్కువ. దీపములో లేని వన్నెను చీర మరల పంపజాలదు. ఒక దీపము క్రింద ఒక్కటే రంగుగా తోచు రెండు అద్దకములు మరియొక వెలుగున వేరు వేరుగా కనబడవచ్చును. రవికగుడ్డ సరిపోలలేదని ఇంటికి వచ్చిన తరువాత వినబడు ఫిర్యాదునకు కారణమిదియే. దీపము రంగులను ఎంత నిజముగా చూపునో తెలుపుటకు 100 వరకు గల ఒక కొలత కలదు. మంచి దుకాణములు 90కి తగ్గని దీపములను కోరి తెప్పించుకొనును. జరీకి మాత్రము వేరు లెక్క. పరచుకొను వెలుగులో జరీ చల్లబడును. పైనుండి సూటిగా పడు చిన్న దీపము క్రింద కదలిన ప్రతిసారియు మెరయును. అందుకే చీర విప్పు బల్ల పైననే అట్టి దీపములను గుంపుగా అమర్చెదరు.

మన అమ్మమ్మలు దీనికి విరుగుడు ఎరిగినవారే. చీరను చేతబట్టుకొని గుమ్మము కడకు వచ్చి, పగటి వెలుతురులో ఇటునటు త్రిప్పి చూచెడివారు. షావుకారును అందులకు అభ్యంతరము చెప్పెడివాడు కాడు. నేటి నాలుగంతస్తుల దుకాణమున మూడవ అంతస్తునుండి చీర నెత్తుకొని వీథి గుమ్మమునకు నడచి చూడుడు; ఎంతమంది కావలివారు వెంటవత్తురో తెలియును.

సరకును ఎక్కడ నిలుపవలెను అనునది నేడు ఒక శాస్త్రమే. అమెరికాలో పాకో అండర్హిల్ అనునతడు ఏండ్ల తరబడి దుకాణములలో జనుల నడకలను గమనించి 1999లో ఒక గ్రంథము ప్రకటించెను. తలుపు దాటిన వెంటనే మనుష్యుడు కొన్ని అడుగుల మేర ఏమియు చూడడట. వీథి వేగము తగ్గి, కన్ను చీకటి వెలుగులకు సర్దుకొనువరకు అచ్చట పెట్టిన సరకు వ్యర్థము. ఇరుకు దారిలో వంగి చూచు స్త్రీకి వెనుకనుండి ఎవరైనను రెండు మూడు పర్యాయములు తగిలినచో, కొనదలచిన వస్తువును సైతము వదలి తొలగిపోవును. సుల్తాన్ బజారులో ఈ సిద్ధాంతము నిలుచునా యని మాకు అనుమానమే. అచ్చట తగులని చోటు లేదు. కొనుట ఆపినవారును లేరు.

స్పెయిన్ దేశమున ఆర్తేహో అను ఊర జారా కంపెనీవారి ముఖ్య కార్యాలయమున ఒక విచిత్రము కలదు. అచ్చట నిజమైన దుకాణముల వలె కట్టిన నమూనా అంగళ్లున్నవి. కిటికీలు, బొమ్మలు, దీపములు, మడతలు అన్నియు సిద్ధము; కొనువారు మాత్రము రారు. ఏ చొక్కా ప్రక్కన ఏ లాగు నిలుపవలెనో, కిటికీలో బొమ్మ ఏ వైపు తిరుగవలెనో అచ్చట నిర్ణయించి, ఆ అమరికను ప్రపంచపు దుకాణములకు పంపుదురు. హైదరాబాదు మాలులో బొమ్మ మెడకు చుట్టిన చేలము వెనుక అక్కడి వారి చేయి కలదు. మన గుమాస్తా విసురునకు అచ్చట చోటులేదు.

దీనికి మరియొక కొస ధనవంతుల దుకాణములు. న్యూయార్కు బ్రాడ్వేలో 2001లో ప్రాడా కంపెనీకి రెమ్ కోల్హాస్ కూర్చిన అంగడిలో నేలయే కొయ్య అలవలె క్రిందికి జారి మరల పైకి లేచును. అల యొక వైపు మెట్లు. మెట్ల మీద జోళ్లు. కొనువారు అక్కడనే కూర్చుండి తొడిగి చూడవచ్చును. కావలసినపుడు అది సభాస్థలమగును. సరకు తక్కువ, స్థలము ఎక్కువ. ఖాళీ స్థలమే వెల చెప్పుచుండును. ఇదే కంపెనీ పేర 2005లో టెక్సాసు ఎడారిలో ఇద్దరు కళాకారులు ఒక చిన్న దుకాణమును నిలిపిరి. అద్దములున్నవి, దీపములున్నవి, జోళ్లున్నవి; తలుపు మాత్రము తెరువబడదు. అది అమ్ముటకు గాదు, ఆలోచించుటకు. అందలి జోళ్లన్నియు కుడికాలివే. అయినను కొద్ది దినములలోనే దొంగలు పడి పట్టుకొనిపోయిరి! ఒంటి జోడును దొంగ ముట్టడను మన వర్తకుల నమ్మకము అక్కడ వమ్మైనది.

ఇంతసేపును కొనువారి కొరకు చేసిన ఏర్పాటులను చెప్పితిమి. అద్దమునకు ఇవతలి సంగతి ఇది. అవతల నిలుచున్నవారి సంగతి ఎట్టిది? పాత కొట్టులో షావుకారు, గుమాస్తా, కొనువారు అందరును ఒకే పరుపుపై కూర్చుండిరి. నేటి దుకాణమున కొనువారికి మెత్తని సోఫా. చీర చూపు ఆడుబిడ్డకు బల్ల వెనుక రెండడుగుల నేల. ఉదయము దుకాణము తెరచిన వేళ నుండి రాత్రి మూయువరకు నిలువుకాళ్లపైననే. కొనువారు లేని వేళయందును కూర్చుండరాదు. అద్దములోనుండి చూచువారికి దుకాణము సోమరిగా కనబడునట! ప్రదర్శనములో ఆమెయు ఒక భాగమైనది. బొమ్మకు కాళ్లు నొప్పి పెట్టవు. ఆమెకు నొప్పి పెట్టును, నరములు ఉబ్బును.

ఇది క్రొత్త ఫిర్యాదు కాదు. బ్రిటనులో 1899లోనే ఒక చట్టము చేసి, ముగ్గురు స్త్రీ ఉద్యోగులకు ఒకటి చొప్పున ఆసనము ఉంచవలెనని శాసించిరి. ముగ్గురికి ఒక్కటి! మన దేశమున ఈ మాట కేరళలోని కోళిక్కోడు మిఠాయి వీథి దుకాణముల స్త్రీల నుండి లేచినది. విజి అను కార్మికురాలి నాయకత్వమున 'పెణ్కూట్టు' అను పేర వారు కూడిరి. మొదట వారడిగినది మరుగుదొడ్డి. ఆ పిమ్మట కూర్చుండు హక్కు. 2018లో కేరళ ప్రభుత్వము దుకాణముల చట్టమును సవరించి ఆ హక్కు నిచ్చెను. 2021లో తమిళనాడు అదే దారిని నడచెను. ఒక పీట వేయుటకు చట్టము కావలసివచ్చినది! కోట్ల వెల గల దీపములను కూర్చిన శిల్పులకు ఆ పీట తోచకపోవుట మాకు ఆశ్చర్యముగా లేదు. వారికిచ్చిన పటములో ఆమె నిలుచున్న చోటు 'నడవ' అని వ్రాసి యుండును.

మొన్న పండుగకు ముందు మేమొక పెద్ద బట్టల దుకాణమునకు పోతిమి. రెండవ అంతస్తు, మధ్యాహ్నము మూడు గంటలు, జనము పలుచన. ఇరువది యేండ్ల పిల్ల ఒకతె మా కొరకు పదునైదు చీరలు విప్పినది. పదునారవది తీయబోవుచు, ఒక కాలి మడమను చెప్పులోనుండి బయటకు తీసి, రెండవ పాదముపై ఆనించి నిలిచెను. "కాసేపు కూర్చోమ్మా, మాకు తొందర లేదు," అంటిమి. ఆమె మొదట మా వంక చూచి, పిదప పైకప్పు మూలనున్న కెమెరా వంక చూచి, చిన్నగా నవ్వెను.

"పరవాలేదండీ, అలవాటే," అని, మడమను మరల చెప్పులోనికి దూర్చి, పదునారవ చీరను బల్లపై పరచెను.